గాలికి కాపు కాసేవాళ్లు

చలికాలం వచ్చిందంటే ఐర్లండ్‌లో కొందరి నిద్రవేళలు మారిపోతాయి. వాతావరణ నమూనాలు రోజుకు నాలుగుసార్లు కొత్త లెక్కలు వేస్తాయి. ఆ పటాలు బయటికొచ్చే వేళకు వీళ్లు మేలుకుని ఉంటారు. సమభార రేఖలు ఒకదానికొకటి ఎంత దగ్గరపడ్డాయి, అల్పపీడన కేంద్రం గాల్వే తీరాన్ని రాసుకుంటూ పోతుందా, ఇంకాస్త జరిగి స్కాట్లండ్ వైపు తప్పుకుంటుందా అని గంటల తరబడి చూస్తారు. ఎక్కువమందికి ఇది ఉద్యోగం కాదు, ఇష్టం. తుఫాను దారి మళ్లితే వీళ్ల ముఖాలు వాడిపోతాయి. చూసేవాళ్లకు కోపం వచ్చేది ఇక్కడే. ఇంటి కప్పులు లేపుకుపోయే గాలి కోసం ఎదురుచూడటం ఏం సరదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ ఆత్రం లేకపోతే ఏడాది పొడవునా ఏ విశేషమూ లేని రోజుల్ని ఓపికగా కొలిచి రాసేవాళ్లు మిగలరని, ఆ మామూలు రోజుల లెక్క లేకుండా ఏ తుఫానునూ అంచనా కట్టలేమని నా వాదన.

ఈ ఎదురుచూపులో ఉన్న పనితనం ఏమిటో ముందు చూడాలి. మన బంగాళాఖాతపు తుఫాను వెచ్చని సముద్రం మీద బలం పుంజుకుని, నేల ఎక్కాక నీరసిస్తుంది. ఐర్లండ్‌ను శీతాకాలంలో తాకేవి వేరే జాతివి. ఉత్తరపు చల్లగాలి, దక్షిణపు వెచ్చగాలి ఎదురుపడేచోట పుట్టి, చాలా ఎత్తున దూసుకుపోయే జెట్ స్ట్రీమ్ చలవతో ఒక్క రోజులోనే ఉగ్రరూపం దాలుస్తాయి. కేంద్రం నూరు కిలోమీటర్లు అటో ఇటో జరిగితే చాలు, ఒక జిల్లాకు పెనుగాలి, పక్క జిల్లాకు మామూలు వాన. అందుకే యూరోపియన్ వాతావరణ అంచనాల కేంద్రం నమూనా ఆరంభ పరిస్థితుల్ని కొద్దికొద్దిగా మారుస్తూ 51 లెక్కలు వేస్తుంది. పని తెలిసినవాడు వాటిలో అన్నిటికంటే భయపెట్టే పటాన్ని పట్టుకు కూర్చోడు. ఎన్ని లెక్కలు ఒకే దారి చెబుతున్నాయి, నిన్నటికీ ఇవాళ్టికీ ఆ సంఖ్య పెరిగిందా తగ్గిందా అన్నది చూస్తాడు.

గోడకు తగిలించే పాత అనరాయిడ్ బారోమీటరు కూడా ఈ పాఠమే చెబుతుంది. దానికి రెండు ముళ్లు. ఒకటి గాలి ఒత్తిడిని బట్టి తనంత తానే కదులుతుంది. రెండోది ఇత్తడిది, వేలితో తిప్పేది. పొద్దున్నే అద్దం మీద మెల్లగా తట్టి, ఇత్తడి ముల్లును మొదటిదాని మీదికి తెచ్చి వదిలేస్తారు. సాయంత్రం వచ్చి చూస్తే రెండింటి మధ్య ఎడం కనిపిస్తుంది. తుఫాను కబురు ఆ ఎడంలో ఉంటుంది. ఎండ కాసిన పొద్దున ఇత్తడి ముల్లును సర్దనివాడికి ఆ కబురు అందదు.

ఐరిష్ చరిత్రలో మామూలు రోజుల కొలతల విలువకు గట్టి సాక్ష్యం 1944 జూన్‌లో మేయో జిల్లా బ్లాక్‌సాడ్‌లో దొరుకుతుంది. అక్కడి తపాలా కార్యాలయంలో పనిచేసే మౌరీన్ ఫ్లావిన్ వాతావరణ కొలతలు కూడా తీసేది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఈ పని కూడా ఉంటుందని ఆమెకు తెలియదు. జూన్ 3న ఆమె 21వ పుట్టినరోజు. ఆ తెల్లవారుజామున ఒత్తిడి వేగంగా పడిపోతున్నట్టు చూసి రాసి పంపింది. ఆ అంకె సరైనదేనా, మరోసారి చూడమని ఇంగ్లండ్ నుంచి ఫోన్ వచ్చింది. మిత్రరాజ్యాల సేనల నార్మండీ దాడి జూన్ 5 నుంచి 6కు మారడంలో బ్లాక్‌సాడ్ కొలతలది పెద్ద పాత్ర. రెండో ప్రపంచ యుద్ధంలో తటస్థంగా ఉన్న దేశంలో, సముద్రపు అంచున, ఒకమ్మాయి రోజూ వేళకు చేసిన పని అది. అంతకుముందటి అంకెలన్నీ వరసగా ఉన్నాయి కాబట్టే ‘పడిపోతోంది’ అనగలిగారు.

కొలత లేకపోతే ఏమవుతుందో 1839 చూపిస్తుంది. ఆ ఏడాది జనవరి 6 రాత్రి ‘పెద్ద గాలి’ ఐర్లండ్‌ను అతలాకుతలం చేసింది. జనం దాన్ని ఎంతగా గుర్తుపెట్టుకున్నారంటే, 1909లో డెబ్బయ్యేళ్లు నిండినవాళ్లకు పింఛను మొదలైనప్పుడు, పుట్టిన తేదీకి కాగితం లేనివాళ్లు ఆ రాత్రి తమకు గుర్తుందని చెప్పి వయసు రుజువు చేసుకున్నారు. జననాలన్నిటినీ నమోదు చేయడం అక్కడ 1864లోగానీ మొదలుకాలేదు మరి. ఆ జ్ఞాపకం పింఛనుకు పనికొచ్చింది. గాలి వేగం ఎంతన్నదానికి మాత్రం పనికిరాలేదు. గుండ్రంగా తిరిగే గిన్నెలతో గాలిని కొలిచే యంత్రాన్ని ఆర్మా వేధశాలకు చెందిన థామస్ రామ్నీ రాబిన్సన్ 1846లో తయారుచేశాడు. అప్పటికి పెద్ద గాలి వెళ్లిపోయి ఏడేళ్లు.

ఇక 2025 జనవరి 24న వచ్చిన ఏయోవిన్ తుఫాను. గాల్వే జిల్లా మేస్ హెడ్‌లో గాలి విసురు గంటకు 183 కిలోమీటర్లు నమోదైంది. అంతకుముందు రికార్డు 1945 జనవరిలో ఫాయిన్స్‌లో నమోదైన 182. ఎనభై ఏళ్ల నాటి కొలత పదిలంగా ఉండబట్టే ఈ పోలిక సాధ్యమైంది. ఒక్క కిలోమీటరు తేడాకు ఇంత హడావుడా అనొచ్చు. నిజమే, ఆ ఒక్కటితో వాతావరణం మారిందనో మారలేదనో తేల్చలేం. కానీ ఆ జాగ్రత్త నేర్చుకోవాల్సింది కూడా ఈ ఔత్సాహికుల దగ్గరే. 2017లో ఒఫీలియా తుఫాను వచ్చినప్పుడు ఫాస్ట్‌నెట్ దీపస్తంభం దగ్గర 191 నమోదైంది. అది నడిసముద్రంలో బండ మీద, బాగా ఎత్తున ఉన్న యంత్రం. నేల మీద పది మీటర్ల ఎత్తున కొలిచే కేంద్రాలతో దాన్ని కలపకూడదు. అంకె వినగానే ఏ ఎత్తున, ఏ యంత్రంతో అని అడగడం ఈ సాధన ఇచ్చే అలవాటు.

ఇప్పుడు నైతికమైన అభ్యంతరానికి వస్తాను. ఏయోవిన్ దెబ్బకు 7,68,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. డొనెగల్‌లో కారు మీద చెట్టు కూలి ఒకరు చనిపోయారు. ఒఫీలియా ముగ్గురిని బలితీసుకుంది. ఈ లెక్కల ముందు ఉత్సాహం అనే మాట ఎబ్బెట్టుగా వినిపిస్తుందని ఒప్పుకుంటాను. అయితే ఎవరి కోరికా తుఫానును రప్పించదు, ఆపదు. వచ్చేదాని పట్ల మనిషి ఎలా నడుచుకుంటాడన్నదే ప్రశ్న. అలలు చూడ్డానికి గాల్వే దగ్గరి సాల్ట్‌హిల్ సముద్రపు గట్టు మీదికి వెళ్లేవాడిని, గాలికి కాపు కాసేవాడిని ఒకే గాటన కట్టకూడదు. రెండోవాడి బయటి పనంతా గాలి రాకముందే అయిపోతుంది. యంత్రం బిగింపులు చూసుకోవడం, గేటు కట్టేయడం, చెత్తడబ్బాలు లోపలికి తేవడం ముందురోజు పనులు. గాలి వీచే వేళకు అతను ఇంట్లో ఉంటాడు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. కోరిక చూపును వంకర చేస్తుంది. తుఫాను రావాలనుకునేవాడికి తుఫాను చూపే పటమే నిజమనిపిస్తుంది. వారం ముందే ఒకే ఒక్క భీకరమైన పటాన్ని పట్టుకుని ఊరంతా చాటేవాళ్లు ఉన్నారు, వాళ్లు హాని చేస్తున్నారు. ఆంధ్ర, తెలంగాణల్లో వెదర్‌మ్యాన్‌ల అంచనాలను అనుసరించే మనవాళ్లకూ ఈ చిక్కు తెలిసిందే. హెచ్చరిక జారీ చేయాల్సింది ఐర్లండ్ వాతావరణ సంస్థ మెట్ ఏరిన్. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఏది ఎప్పుడన్నది ఆ సంస్థ తేల్చాలి, ఔత్సాహికుడు ఆ కుర్చీలో కూర్చోకూడదు. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఈ జబ్బుకు మందు కూడా ఆ సాధనలోనే ఉంది. ఆరు గంటల్లో కొత్త లెక్క వస్తుంది, నిన్నటి మాట తప్పో ఒప్పో నలుగురి ముందూ తేలిపోతుంది. పదేపదే తప్పిన తన అంచనాలను తనే చూసుకున్నవాడు గొంతు తగ్గించుకోవడం నేర్చుకుంటాడు.

ఉపగ్రహాలు, ఆటోమేటిక్ కేంద్రాలు ఉండగా మనిషి ఎందుకన్న ప్రశ్నకు పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఐర్లండ్‌లో వాన కొలతలు ఇప్పటికీ వందలాది స్వచ్ఛంద పరిశీలకుల చేతుల మీదుగానే వస్తున్నాయి. పొద్దున గ్రీనిచ్ కాలమానం ప్రకారం తొమ్మిదింటికి వర్షమాపకం దగ్గరికి వెళ్లి, నీటిని గాజు కొలపాత్రలో పోసి, మిల్లీమీటరులో పదో వంతు వరకూ చదివి, దాన్ని ముందురోజు తేదీ కింద రాస్తారు. పెనుగాలి వీచిన మర్నాడూ అంతే. గాలికి వర్షమాపకం పడిపోయి నీళ్లు ఒలికిపోతే అంచనాతో అంకె వేయరు. ఆ గడిని ఖాళీగా వదిలి, పక్కన కారణం రాస్తారు.