గోల్ కొట్టినవాడి పేరు

ముసల్మాను దేశభక్తికి ఆటపోటీని పరీక్షగా పెట్టడం గురించి తెలుగులో మాట్లాడాల్సి వస్తే అందరం 'పుట్టుమచ్చ' దగ్గరికే పోతాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ఆ దీర్ఘకవితలో క్రికెట్ సంగతి ఎత్తాక సెక్యులర్ మిత్రులకు కూడా ఆ మాట అందుబాటులోకి వచ్చింది. మంచిదే. కానీ క్రికెట్ కన్నా ముందు హాకీ ఉంది, టీవీ కన్నా ముందు రేడియో ఉంది. ఆ రెండూ కలిసిన కామెంటరీని మన కవులూ కథకులూ పట్టించుకున్నది తక్కువ. విమర్శకులు అసలే తక్కువ. ఆటల పేజీ సరుకని వదిలేశాం.

హైదరాబాదులో రేడియో ముచ్చట భాష ముచ్చటే. 1935లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చిన దక్కన్ రేడియోలో ఉర్దూది పెద్దపీట. పక్కన తెలుగు, కన్నడ, మరాఠీ ఉండేవి. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. తర్వాత తెలుగు ముందుకొచ్చింది. అది జనం భాష, రావలసిందే. ఉర్దూ మాత్రం 'నైరంగ్' లాంటి కార్యక్రమాల వేళకు సర్దుకుంది. గజల్, ముషాయిరా, ఖవాలీ... ఉర్దూ అంటే తీరిగ్గా వినే నజాకత్ అన్నట్టు మిగిలింది. చెమటోడ్చే భాషగా, కేకలు పెట్టే భాషగా అది వినిపించిన చోటు హాకీ కామెంటరీ. దానికి సర్కారు పెట్టిన పేరు హిందీ. వినపడేవేమో మైదాన్, ఖిలాడీ, హమ్లా, నిశానా. ఆ గొంతుల్లో అందరికీ గుర్తున్నది జస్‌దేవ్ సింగ్‌ది. పంద్రాగస్టు, ఛబ్బీస్ జనవరి ఉత్సవాలను దేశానికి వినిపించిన ఆ సర్దార్జీ గొంతే హాకీనీ వినిపించింది. మా ఇంట్లో మాట్లాడే మాటలే దేశం గొంతులో వినపడుతుంటే మా పెద్దవాళ్లు ఎట్లా పొంగిపోయారో ఎవరూ రాయలేదు.

మా అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇంకో మెలిక ఉంది. ఊరి పేరే చూడండి. ముందు అరబ్బీ అబ్దుల్లా, నడుమ హిందుస్తానీ పూర్, చివర తెలుగు మెట్టు. బెజవాడ రోడ్డు మీద చాయ్ హోటల్లో రేడియో పెడితే వినేవాళ్లలో ఎక్కువమంది తెలుగోళ్లు. కామెంటరీ కాసేపు హిందీ, కాసేపు ఇంగ్లీషు. ఇంగ్లీషు వంతు వస్తే బడి పంతులు చెప్పాలి, హిందీ వంతు వస్తే సాయిబు చెప్పాలి. తెలుగులో చెప్పాలని రేడియోకు తోచలేదు గాని, ఆ పని మా అబ్బా లాంటివాళ్లు చాయ్ తాగుతూ చేసిపెట్టారు.

1975 మార్చిలో కౌలాలంపూర్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్. మలేషియా చేతిలో 2-1తో ఓడిపోతున్నాం. చివరి నిమిషాల్లో భోపాల్ కుర్రాడు అస్లం షేర్ ఖాన్‌ను మార్పు ఆటగాడిగా దింపారు. పెనాల్టీ కార్నర్ దొరికింది. అతను మెడలోని తావీజును ముద్దాడి కొట్టాడని తర్వాత పత్రికలు రాశాయి. గోల్. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ ఇంకోటి కొట్టాడు. మార్చి 15న ఫైనల్లో పాకిస్తాన్ మీద 2-1తో గెలిపించిన గోల్ అశోక్ కుమార్‌ది. ఇతను ధ్యాన్‌చంద్ కొడుకు, అస్లం అహ్మద్ షేర్ ఖాన్ కొడుకు. తండ్రులిద్దరూ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఒకే జట్టులో ఆడి స్వర్ణం తెచ్చినవాళ్లు.

నేను పుట్టకముందు సంగతి ఇది, అబ్బా చెప్పగా విన్నది. సెమీస్ రోజు హోటల్లో ఎవరో "సాయిబూ, ఎవరు గొట్టిండ్రు?" అని అడిగారట. "అస్లం షేర్ ఖాన్, మనోడే" అన్నారట అబ్బా. ఆ 'మనోడు' అంటే ఇండియావోడా, ముసల్మానా? ఆ క్షణాన ఆ రెండర్థాలూ ఒక్క మాటలో ఇమిడాయి. రేడియోలో తావీజు కనపడదు, గడ్డం కనపడదు, పేరొక్కటే వినపడుతుంది. ఊపిరాడని వేగంలో చదివే ఆ పేరుకు ముందూ వెనకా ఏ విశేషణమూ ఉండదు. హాకీ కామెంటరీ మాకిచ్చింది అది.

అట్లాగని రేడియోను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. పేరొక్కటే వినపడే చోట అనుమానం కూడా పేరునే పట్టుకుంటుంది. ఫైనల్లో మొదటి గోల్ పాకిస్తాన్ ఆటగాడు జాహిద్ కొట్టాడు. ఆ పేరు వినపడగానే హోటల్లో చూపులన్నీ అబ్బా వైపు తిరిగాయట. మొన్న తర్జుమా చేసిపెట్టిన మనిషే ఇవ్వాళ జవాబు చెప్పాల్సిన మనిషయ్యాడు. రేడియో పాకిస్తాన్‌లోనూ హమ్లా హమ్లానే కదా! కిటికీలోంచి ఆ మాట బయటికి పోతే ఏ స్టేషన్ పెట్టారోనని సందేహం. అందుకే కొన్ని ఇళ్లల్లో రేడియో గొంతు తగ్గించి వినేవారు.

1982 డిసెంబర్ 1న ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ మనల్ని 7-1తో ఓడించింది. రంగుల టీవీ వచ్చిన ఏడాది అది. కెప్టెన్ జఫర్ ఇక్బాల్. అమ్ముడుపోయాడన్న నింద పడింది మాత్రం గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీ మీద, ఒక హిందువు మీద. ఆ అన్యాయం ఆయన్ను ఏళ్ల తరబడి వేధించింది. 2007లో 'చక్ దే ఇండియా' వచ్చింది. నటులకు హాకీ నేర్పింది నేగీయే. తెర మీద మాత్రం పాకిస్తాన్ చేతిలో ఓడి ద్రోహి అనిపించుకున్న ఆటగాడి పేరు కబీర్ ఖాన్. సినిమా ఉద్దేశం మంచిదే, అతన్ని నిర్దోషిగానే చూపింది. అయినా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ద్రోహమనే నింద ప్రేక్షకులకు వెంటనే నమ్మశక్యంగా తోచాలంటే ఆ పేరు ఎందుకు కావలసివచ్చింది? ఈ సినిమాను మెచ్చుకున్న మన సెక్యులర్ సమీక్షకులు ఈ పేరు మార్పు దగ్గర కాసేపు ఆగి ఉండాల్సింది.

డబ్బిచ్చి ఆడించే లీగు హాకీ మన ఊరికి 2005 జనవరిలో వచ్చింది. ప్రీమియర్ హాకీ లీగ్ తొలి ఏడు గచ్చిబౌలిలోనే జరిగింది. అది టీవీ కొలతలకు కుట్టించిన ఆట. ముప్పై అయిదేసి నిమిషాల రెండు భాగాలను పదిహేడున్నర నిమిషాల చొప్పున నాలుగు ముక్కలు చేశారు. పాకిస్తాన్ ఆటగాళ్లూ వచ్చి ఆడారు, కొంపలేమీ మునగలేదు. తొలి కప్పు గెలిచింది హైదరాబాద్ సుల్తాన్స్. సుల్తాన్ అన్న మాట చొక్కా మీద అచ్చేస్తే షాన్‌గా ఉంటుంది, టికెట్లు అమ్ముడుపోతాయి. అదే ఇంటిపేరైతే అద్దెకు ఇల్లడిగినప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. 2008తో ఆ లీగు ఆగిపోయింది. 2013 జనవరిలో హాకీ ఇండియా లీగ్ మొదలైనప్పుడు, సరిహద్దు ఉద్రిక్తతల్లో, తొమ్మిది మంది పాకిస్తాన్ ఆటగాళ్లను ఆడించకుండానే వెనక్కి పంపారు. ఆ లీగు ఆగి, 2024 డిసెంబర్లో మళ్లీ మొదలైతే అందులో హైదరాబాద్ జట్టు పేరు తూఫాన్స్. అరబ్బీ, ఉర్దూ, తెలుగు మూడింటిలోనూ చెల్లే మాట అది. ఎవరు ఎంచారో గాని, మా ఊరి పేరు పెట్టినవాళ్ల లాంటి మనిషే అయి ఉంటాడు.