ప్రతినాయకుడి వేషం ఎవరికి దక్కుతుంది?

రాచర్ల బస్టాండు దగ్గర టీ కొట్లో డిగ్రీ చదివే కుర్రవాడొకడు సెల్‌ఫోనులో ఆట ఆడుతున్నాడు. బొమ్మ కదలదు. కింద మాటలొస్తాయి, చదువుకుంటూ పోవాలి, అక్కడక్కడ ఆగి రెండు మూడు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. వీటిని విజువల్ నావెల్ అంటారు. జపాన్‌లో పెరిగిన ప్రక్రియ. అతను ఆడుతున్నది పెద్దలకు మాత్రమే అని రాసిపెట్టిన రకం. అందులో అతను రాజ్యాన్ని కాపాడే వీరుడు కాదు, దాన్ని కూలదోసే మాంత్రికుడు. "హీరో అయితే ఏముంది సార్, చెప్పింది చెయ్యాల్సిందే. విలనైతే మన ఇష్టం" అన్నాడు.

ఈ "మన ఇష్టం" అన్న మాట దగ్గరే ఆగి మాట్లాడుకోవాలనిపించింది.

ఈ ఆటలు నిన్న మొన్న పుట్టినవి కావు. జపాన్ కంపెనీ ఆలిస్‌సాఫ్ట్ 'రాన్స్' ఆటల వరస 1989లో మొదలై 2018 దాకా నడిచింది. అందులో కథానాయకుడే ప్రతినాయకుడు చేసే పనులన్నీ చేస్తాడు. 2004లో వచ్చిన రెన్‌పై అనే ఉచిత సాధనంతో చిన్నాచితకా వాళ్ళు కూడా ఇట్లాంటివి తయారు చెయ్యగలిగారు. 2018లో స్టీమ్ అనే అమ్మకపు వేదిక పెద్దల ఆటలకు తలుపులు తెరిచింది. 2025 జూలైలో, డబ్బు చెల్లింపుల కంపెనీలు ఒత్తిడి తెస్తే, అదే వేదిక కొన్నిటిని తీసేసింది. స్త్రీల మీద హింసను వినోదం చేస్తున్నారని ఆడవాళ్ళు లేవనెత్తిన ప్రశ్న న్యాయమైనది. కానీ ఎవరు ఏది చదవాలో కార్డుల కంపెనీ నిర్ణయించడం నాకు మింగుడుపడదు. రేపు ఆ కత్తెర వాడ రాసుకునే రాత మీదికీ రావచ్చు.

నా పేచీ వేరే. ఈ కాల్పనిక రాజ్యాల్లో ఆర్క్‌లనీ గోబ్లిన్‌లనీ కొన్ని జాతులుంటాయి. అడవిలోనో గుహల్లోనో బతుకుతుంటాయి, వికారంగా ఉంటాయి, తెలివి తక్కువ. వీరుడి ఆటలో వాటిని నరుక్కుంటూ పోతాం. విలన్ ఆటలో అవే మన బంట్లు. రెండిట్లోనూ వాటికి మాట లేదు. మాంత్రికుడో, రాజ్యం పోగొట్టుకున్న ప్రభువో, ఎవడైనా సరే విలన్ పైనుంచి దిగినవాడే, మళ్ళీ పైకెక్కాలనుకునేవాడే. సింహాసనం మీది మనిషి మారతాడు తప్ప సింహాసనం కదలదు. ఇక బందీలైన ఆడవాళ్ళు అతని గెలుపుకు లెక్క. తన ఇష్టం అంటే ఇతరుల దేహాల మీద హక్కు అనుకోవడం ఊహాలోకం వాళ్ళు కొత్తగా కనిపెట్టిందేం కాదు. మన ఊళ్ళలో భూమి ఉన్నవాడికి ఆ హక్కు ఏ ఆటా లేకుండానే ఉండేది. ఒకరికి కలగా ఉన్నది మన వాడలో ఏ ముసలమ్మకో జ్ఞాపకం కావచ్చు. ఈ తేడా తెలియకుండా ఈ ఆటల మీద రాసే విమర్శ ఎంత రాసినా సగమే.

విలన్ మీద మోజు మనకు కొత్తది కాదు. 1951లో 'పాతాళ భైరవి' చూసొచ్చిన జనం తోటరాముణ్ణి ఎంత మెచ్చుకున్నారో ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుణ్ణీ అంత మెచ్చుకున్నారు. అయితే తెలుగులో ప్రతినాయకుడి వేషానికి ఇంకో చరిత్ర ఉంది. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబూక వధ' రాసి రాముడి కథను తిరగేశాడు. ఆ దారిలో రావణుడు, దుర్యోధనుడు బ్రాహ్మణ పురాణం మీద తిరగబడేవాళ్ళకు పనికొచ్చే పాత్రలయ్యారు. ఎన్.టి. రామారావు 'భూకైలాస్' (1958), 'సీతారామ కల్యాణం' (1961) సినిమాల్లో రావణుడు వేశాడు. 1977 నాటి 'దాన వీర శూర కర్ణ'లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ ఆయనే, దర్శకుడూ ఆయనే. కొండవీటి వెంకటకవి మాటలు. పుట్టుక పేరుతో కర్ణుణ్ణి సభలో అవమానిస్తే దుర్యోధనుడు లేచి పెద్దల పుట్టుకలన్నీ బయటికి లాగి, కులం సంగతి నిలదీసి, కర్ణుడికి అంగరాజ్యం కట్టబెడతాడు. ఆ సంభాషణ అప్పజెప్పని బడి వార్షికోత్సవం మా వైపు నేను చూడలేదు. వాడ పిల్లలూ చెప్పేవాళ్ళు, ఊరి పిల్లలూ చెప్పేవాళ్ళు. నేనూ చెప్పాను, చప్పట్లు కూడా పడ్డాయి.

కులాన్ని అంత గట్టిగా తిట్టే మాట తెలుగు తెర మీద విలన్ నోట్లో ఎందుకుంది? కథానాయకుడు అంటే లోకం తలకిందులవుతుంది గనుక. విలన్ అంటే సరే, చివర్లో తొడ విరిగి చస్తాడు. ఇంకోటి గూడా గమనించాలి. దుర్యోధనుడు కర్ణుడికి ఇచ్చింది రాజ్యం. ఇచ్చేవాడు రాజుగానే ఉన్నాడు, తీసుకున్నవాడు బతికినంత కాలం ఆ రుణం తీర్చాడు. బ్రాహ్మణేతర ఉద్యమం దళితుడికి ఇచ్చిన చోటు కూడా ఇంచుమించు ఇదే.

1983 జనవరిలో రామారావు ముఖ్యమంత్రి అయ్యాడు. 1985 జూలై 17న, అప్పటి మా ప్రకాశం జిల్లాలోనే, కారంచేడులో కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపారు. అప్పుడూ ముఖ్యమంత్రి ఆయనే. నటుడికీ హత్యలకీ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. చెప్పదలుచుకున్నది ఇంతే: తెర మీద కులాన్ని నిలదీసిన విలన్‌కు ఈలలేసిన ఊరే తెల్లారి గొడ్డలి పట్టగలిగింది. అందులో దానికి ఏ వైరుధ్యమూ కనిపించలేదు. వేషం వేషమే, భూమి భూమే. కారంచేడు తర్వాత చీరాల శిబిరంలోంచి దళిత మహాసభ పుట్టాకగానీ ఆ సంభాషణకు అసలు హక్కుదారులెవరన్న ప్రశ్న బయటికి రాలేదు.

అడక్కుండానే విలన్ వేషం మెడలో పడినవాళ్ళూ ఉన్నారు. 1871 నాటి నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించారు. ఎరుకల వంటి జాతులు పుట్టుకతోనే దొంగలయ్యారు. 1952లో చట్టం పోయింది. సినిమాలో దొంగ పేరు చెప్పగానే స్టూవర్టుపురం అనడం మాత్రం పోలేదు. ఈ వేషంలో "మన ఇష్టం" ఎక్కడుంది?

ఇక మా రాచర్ల వైపు పద్యనాటకం సంగతి. తిరునాళ్ళకో జాతరకో 'సత్య హరిశ్చంద్ర' కడితే కాటి సీను కోసమే జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు. ఆ సీనులో జాషువా శ్మశానవాటి పద్యాలు పాడతారు. ఆయనది గిద్దలూరు మీదుగా పోయే రైలు దారిలోనే ఉన్న వినుకొండ. ఆ పద్యాలు ఒక దళిత కవివని పాడేవాడికి తెలిసినా వినేవాళ్ళలో చాలామందికి తెలియదు. పైగా వాటిని పాడేది కాటికాపరిగా మారిన రాజు. ఆ రాజును డబ్బు పెట్టి కొన్న వీరబాహుడు మాత్రం కల్లుకుండతో, తూలే నడకతో నవ్వించడానికి వస్తాడు. వాడ నుంచి నాటకాల్లోకి వెళ్ళిన ఒక పెద్దాయనను అడిగాను, ఏ వేషం కట్టేవాడివి తాతా అని. "హరిశ్చంద్రుడే కట్టాలనుండేది నాయనా. గొంతు గూడా ఉండె. వీరబాహుడికి నువ్వే సరిపోతావ్ లేరా అన్యారు" అన్నాడు. మేకప్పు కూడా పెద్దగా అక్కర్లేదన్నారట.

టీ కొట్టు కుర్రవాడికి ఈ సంగతి చెప్పాను. రెన్‌పై ఉచితమే గదా, వీరబాహుడు నడిపించే ఆట ఒకటి రాయగూడదా అన్నాను. రాజు అమ్మకానికి వచ్చాడు, కొంటావా కొనవా? కొన్నాక ఏం పని చెబుతావు? అతను కాసేపు ఆలోచించి, "చివర్న ఏమవుతాడు సార్ వీరబాహుడు?" అని అడిగాడు. మార్కండేయ పురాణంలో ఆ చండాలుడు నిజంగా చండాలుడు కాదనీ, ధర్ముడు వేసుకున్న మారువేషమనీ చెప్పాను. "అంటే అతను గూడా మనోడు గాదా?" అన్నాడు.