ఏడు సంతకాలు

ఆంధ్రప్రదేశ్‌లో ఒక సంఘం పుట్టాలంటే ఏడుగురు చాలు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం అంతకుమించి అడగదు. ఏడుగురి పేర్లు, తండ్రి పేర్లో భర్త పేర్లో, వృత్తి, చిరునామా, కింద సంతకాలు. బందరులో వినాయక చవితి కమిటీకి ఏడుగురు కావాలంటే పదిహేనుమంది వస్తారు. మిగిలిన ఎనిమిదిమందికీ ఏ పదవి ఇచ్చి శాంతింపజేయాలన్నదే అక్కడి తంటా. అదే గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ మనుషుల సమాన హక్కుల కోసం సంఘం పెడుతున్నామని చెప్పి చూడండి. వచ్చి కూర్చుని మాట్లాడేవాళ్ళు ముప్ఫైమంది ఉంటారు. సంతకం దగ్గరికొచ్చేసరికి ఏడుగురు తేలరు.

బ్యాంకు కౌంటర్లో ఉద్యోగం చేసి రిటైరైన నేను అలాంటి ఒక చిన్న సంఘానికి కోశాధికారిని. జీతం లేదు. బస్సు చార్జీలు కూడా మావే. స్వచ్ఛందంగా చేస్తున్నానని చెబితే పక్కింటావిడ "వాలంటీరా అండీ? ఆ ఐదువేలు మళ్ళీ ఇస్తున్నారా?" అని ఆశగా అడిగింది. 2019లో ప్రభుత్వ వాలంటీర్లు వచ్చిన తర్వాత మన రాష్ట్రంలో ఆ మాట విన్నవాళ్ళకు ముందు గుర్తొచ్చేది గౌరవ వేతనమే, ఆవిడ తప్పేం లేదు.

కమిటీ పని గురించి చెబితే కుర్రాళ్ళకు నీరసం వస్తుంది. కోరం సరిపోయిందో లేదో చూడటం, తీర్మానం రాయడం, చెక్కు మీద సంతకం పెట్టేముందు ఓచరు చదవడం, మార్చి అయ్యాక లెక్కలు ఆడిటరుకు అప్పజెప్పడం, సర్వసభ్య సమావేశం అయిన పదిహేను రోజుల్లో కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రారుకు పంపడం. "ఇందులో ఉద్యమం ఎక్కడుందండీ?" అని ఒకడు అడిగాడు. నాకైతే ఉద్యమం కష్టమంతా ఇందులోనే కనిపిస్తుంది. ఎందుకంటే ఇందులో ప్రతి పనికీ ఒక మనిషి పేరు కావాలి. మేం ఎవరి కోసం పనిచేస్తున్నామో వాళ్ళ దగ్గర అన్నిటికన్నా ఖరీదైనది ఆ పేరే.

రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళిన జాబితా రహస్యం కాదు. ఫీజు కడితే నకలు చేతికొస్తుంది. మన డెల్టాలో పేరు మనిషి సొంత ఆస్తి కాదు కూడాను. ఇంటిపేరు చెబితే చాలు, ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏ కులం, మేనమామలెవరు అన్నంతదాకా మోపిదేవి బస్సులో పక్క సీటాయనే చెప్పేస్తాడు. గుడివాడలో కొట్టు పెట్టుకున్న ఒకాయన మా సంఘంలో అందరికన్నా తెలివైనవాడు. ఏ కలెక్టరుకు ఏ అర్జీ ఎలా రాయాలో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కమిటీలోకి రమ్మంటే ఒకటే మాట: "చెల్లెలి పెళ్ళవనీయండి ఆంటీ." చెల్లెలి పెళ్ళయింది. ఇప్పుడు బావగారి తమ్ముడి పెళ్ళి ఉంది. దీన్ని పిరికితనం అనే హక్కు నాకు లేదు. ఆయన సంతకం పెడితే అది ఇంటిల్లిపాదీ తరఫున పెట్టినట్టే.

దేశంలో ఈ హక్కుల పోరాటం నడిచిన తీరు చూసినా ఇదే కథ. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షను మీద 1994లో ఢిల్లీ హైకోర్టుకు మొదట వెళ్ళింది ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంస్థ. 2001లో వెళ్ళింది అంజలీ గోపాలన్ స్థాపించిన నాజ్ ఫౌండేషన్. రెండూ సంస్థలే. 2004లో హైకోర్టు నాజ్ పిటిషన్ను కొట్టేస్తూ చెప్పిన కారణం ఏమిటంటే, ఈ చట్టం వల్ల నష్టపోయింది మీరు కాదు కదా అని. నష్టపోయినవాళ్ళు బయటికొచ్చి పేరు చెబితే ఆ చట్టం కిందే నేరస్థులవుతారు, చెప్పకపోతే కేసు లేదు! 2006లో సుప్రీంకోర్టు కేసును వెనక్కి పంపాక 2009 జూలై 2న హైకోర్టులో అనుకూలంగా తీర్పొచ్చింది, 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టులో అది కాస్తా పోయింది. 2016కు గానీ నవ్‌తేజ్ సింగ్ జోహర్, సునీల్ మెహ్రా, రీతూ డాల్మియా, అమన్‌నాథ్, ఆయేషా కపూర్ అని ఐదుగురు తమ సొంత పేర్లతో గడప ఎక్కలేదు. ఆ సంబంధాలు నేరం కాదన్న 2018 సెప్టెంబరు 6 తీర్పు నవ్‌తేజ్ పేరు మీదే ఉంది. ఆ ఐదుగురూ పెద్ద నగరాల్లో పేరూ పలుకుబడీ ఉన్నవాళ్ళు. అంత బలం ఉన్నవాళ్ళకే అంతకాలం పట్టిందంటే నాగాయలంక కుర్రవాణ్ణి తొందరపెట్టడానికి మనమెవరం?

మన తెలుగునేల మీద దీనికి సరిగ్గా తలకిందులైన వ్యవహారం ఒకటి ఉండేది. నిజాం రాజ్యంలో 1919లో వచ్చిన చట్టం హైదరాబాదులోని హిజ్రాల పేర్లూ నివాసాలూ రిజిస్టరులో ఎక్కించమంది. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చంది. తెలంగాణ యూనక్స్ యాక్టు పేరుతో అది ఈమధ్యదాకా పుస్తకాల్లో ఉంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన పిటిషన్ మీద 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. పోలీసు రిజిస్టర్లో ఎక్కిన పేరు తాతల నాటి భయం. అది తెలిసినవాళ్ళకు సంఘం రిజిస్టరు చూసినా వెంటనే నమ్మకం కలగదు.

మరి కమిటీల్లో కూర్చునేది ఎవరు? ప్లీడర్లు, రిటైరైన మాస్టార్లు, ఒకరిద్దరు డాక్టర్లు, నాలాంటి బ్యాంకు వాళ్ళు. ధైర్యంగా బయటికొచ్చిన ట్రాన్స్ మహిళలు. జాబితా పట్టుకుని తిరిగే మా అందరికీ తప్పని ప్రశ్న ఒకటుంది. "మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అండీ?" మగవాళ్ళనైతే ఇంకా సూటిగా అడుగుతారు. మొదట్లో మా కమిటీ మాస్టారొకాయన కంగారుపడి, "అబ్బే, నాకు పెళ్ళయింది, ఇద్దరు మనవలు" అని చెప్పుకునేవారు. ఒకరోజు సమావేశంలో ఒక కుర్రాడు, "మాస్టారూ, మీరలా అన్నప్పుడల్లా నేను కూర్చున్న కుర్చీ కాస్త వెనక్కి జరిగినట్టుంటుంది" అన్నాడు. అప్పటినుంచి మాకు రాతలో లేని నియమం ఒకటి ఏర్పడింది. ఆ ప్రశ్నకు అవుననీ చెప్పం, కాదనీ చెప్పం. నా గురించి ఏమనుకుంటారో అనుకోనీయండి. ఆ అనుమానం పదిమంది మీదా సమానంగా పడితే నిజంగా దాచుకోవలసినవాళ్ళకు కాస్త చాటు దొరుకుతుంది. కమిటీ సభ్యత్వంలో నేను నేర్చుకున్న అసలు పని ఇదే అనిపిస్తుంది, కోశాధికారి పని తర్వాతిది.

ఈ కమిటీల పుట్టుక కూడా మన దగ్గర హక్కుల ఉద్యమంతో కాదు, ఎయిడ్స్ నివారణ ప్రాజెక్టులతో జరిగింది. 2003లో గేట్స్ ఫౌండేషన్ అవహాన్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. కోస్తా జిల్లాల్లో ఆ పని హిందుస్థాన్ లేటెక్స్ వారి ట్రస్టు చేతికొచ్చింది. తర్వాత 2010లో గ్లోబల్ ఫండ్ డబ్బుతో 17 రాష్ట్రాల్లో పెహచాన్ అనే ప్రాజెక్టు మొదలైంది. ప్రాజెక్టు కోసం సంఘాలు, సంఘాల కోసం బోర్డులు. పీర్ ఎడ్యుకేటరుగా బస్టాండు దగ్గర, రైలుకట్ట దగ్గర కండోములు పంచిన మనిషే ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడయ్యేవాడు. ఆ బోర్డులను ఎగతాళి చేయడం తేలిక. తన గౌరవ వేతనం పెంచాలన్న తీర్మానం మీద తానే చెయ్యెత్తిన అధ్యక్షుల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోవలసిన కథలే. కానీ సమావేశంలో కోతీలని తమను తాము పిలుచుకునే ఆడతీరు మగవాళ్ళూ, హిజ్రాలూ కుర్చీల్లో కూర్చుని, మినిట్స్ చదివించుకుని, "ఈ ఖర్చు ఎందుకైంది?" అని అడగడం అక్కడే మొదలైంది. మాలాంటి పెద్దమనుషుల కమిటీల్లో లెక్కలు శుభ్రంగా ఉంటాయి, అలా అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

ఆ డబ్బు వెనక్కి తగ్గింది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థకొచ్చిన విదేశీ సొమ్మును ఇంకొక సంస్థకు మళ్ళించరాదన్నారు. నేరుగా తెచ్చుకోవాలంటే ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా తెరవాలి, కమిటీలో అందరి గుర్తింపు పత్రాలూ ఇవ్వాలి. మళ్ళీ పేర్లే. సరే, ఇక్కడే చందాలు వేసుకుందామంటే, పన్ను రాయితీ రసీదు ఇచ్చిన ప్రతి దాత పేరూ, పాన్ నంబరూ ఏటా ఆదాయ పన్ను శాఖకు తెలపాలి. గుడివాడ ఆయన తన ఆడిటరు కంట ఆ రసీదు పడకూడదంటారు. పేరు లేని విరాళాలు ఒక హద్దు దాటితే వాటి మీద 30 శాతం పన్ను. గుడి హుండీకి మాత్రం ఆ బాధ లేదు, ధార్మిక సంస్థలకు మినహాయింపు ఉంది. హుండీ పెట్టుకుందామా అని మా కార్యదర్శి సరదాకన్నాడు. ఒక క్షణం నేను నిజంగానే ఆలోచించాను. అమెరికాలో ఇలాంటి సంస్థల బోర్డుల్లో చేరేవాళ్ళను ఏటా ఇంత సొమ్ము ఇస్తావా, తెస్తావా అని ముందే అడగడం మామూలు. మా దగ్గర పేరిస్తే చాలు, అదే పెద్ద విరాళం.

ఒక్క పేరు ఎంత పని పెడుతుందో చూడండి. దివిసీమ నుంచి వచ్చిన ఒక ట్రాన్స్ మహిళను సహాయ కార్యదర్శిగా ఎన్నుకున్నాం. చెక్కుల మీద సంతకం పెట్టే ముగ్గురిలో ఆవిడ ఒకరు. బ్యాంకు ఫారం మీద ఆవిడ గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసింది. ఆధార్లో ఉన్నది అమ్మానాన్నలు పెట్టిన మగపేరు. "పాత పేరుతో పెట్టెయ్యక్కా, పనైపోతుంది" అన్నారు ఎవరో. ఆవిడ పెన్ను మూత పెట్టి ఫారం నా ముందుకు తోసేసింది. ఆ గదిలో నేనొక్కదాన్నే పాతికేళ్ళ పాటు సంతకాలు సరిపోల్చిన మనిషిని. సంతకం తేడా వస్తే చెక్కు వెనక్కి కొట్టాల్సిందే, బ్యాంకుది తప్పనను. అందుకని పద్ధతి ప్రకారమే వెళ్ళాం. 2020 నిబంధనలు వచ్చాక వైద్య పరీక్షల ప్రసక్తి లేకుండా అఫిడవిట్‌తో దరఖాస్తు చేసుకుంటే కలెక్టరు గుర్తింపు పత్రం ఇచ్చే వీలు కలిగింది. పత్రం తెచ్చుకుని, దాంతో ఆధార్ మార్పించుకుని, అప్పుడు ఫారం నింపింది. అన్నాళ్ళూ సంఘం చెక్కులన్నిటి మీదా మిగతా ఇద్దరమే సంతకం పెట్టాం. ఆలస్యమైందని గొణిగినవాళ్ళున్నారు. నేను మాత్రం ఆ ఖాతా కాగితాలను మా సంఘం చేసిన మంచి పనుల్లో లెక్కేస్తాను.

పేరు దాచుకోనక్కర్లేని సంఘాల సంగతి వేరు. చల్లపల్లిలో డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులు 2014 నవంబరులో మొదలుపెట్టిన స్వచ్ఛ చల్లపల్లి తెల్లవారుజామున చీపుళ్ళతో రోడ్డెక్కి, పని అయ్యాక అందరూ కలిసి ఫొటో దిగుతుంది. ఆ ఫొటోయే వాళ్ళ బలం. దాన్ని చూసే కొత్తవాళ్ళు వస్తారు. మాకు ఫొటో తీయడమే నిషేధం. సేవ చేసేవాళ్ళెవరో ఊరికి తెలియకుండా సేవ మీద నమ్మకం ఎలా పెంచాలన్నది మాకింకా తెగని చిక్కు.

ఊరిని ఒప్పించడానికి, మన కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసి మురిసిపోలేదా, అక్కినేని నాటకాల్లో ఆడవేషాలు కట్టలేదా అని ప్రతి సభలో ఎవరో ఒకరు లేస్తారు. నిజమే. వినడానికి బాగుంటుంది. రంగు కడుక్కున్నాక ఏమిటన్నదే మా సంఘం సంగతి కనుక ఆ మాట నాకు పెద్దగా అక్కరకు రాలేదు.

పేరు బయటపడటం ఎంత ఖరీదో ట్రాన్స్‌జెండర్ పింఛను విషయంలోనే చూడండి. 2018లో 1,500 రూపాయలతో మొదలైంది, 2024 జూలై నుంచి 4,000. మంచి పని. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి ఇస్తారు, అదీ మంచిదే. కానీ వీధి గుమ్మంలో పేరు పిలిచి ఇస్తారు, జాబితా గోడకెక్కుతుంది. ఇంట్లోంచి వెళ్ళిపోయి హిజ్రా గురువు దగ్గరుంటున్నవాళ్ళకు ఇబ్బంది లేదు. ఇంట్లోనే ఉంటూ చొక్కా ప్యాంటుతో తిరిగే మనిషి ఆ 4,000 వదులుకుంటుంది. ఇలాంటివి సంతకం పెట్టే మాకు తట్టవు. తట్టేది సంతకం పెట్టలేనివాళ్ళకే. అందుకే నిర్ణయం వాళ్ళది కావాలి.

దానికి మేం చేసుకున్న ఏర్పాటు గొప్పదేం కాదు. కమిటీకి ముందు ఇంకో సమావేశం ఉంటుంది. దానికి హాజరు పట్టీ లేదు, మినిట్స్ లేవు. అక్కడ ఒద్దన్న ఖర్చు కమిటీలో పెట్టకూడదు. ఒకసారి బందరులో అయితే ఇంకోసారి అవనిగడ్డలో, చివరి బస్సు అందేలా ముగించాలి. గుడివాడ వాళ్ళు బందరు దాకా ప్యాసింజరులో వస్తారు. ఆడపిల్లల్ని ప్రేమించే ఆడపిల్లలు మాత్రం ఈ సమావేశానికీ రాలేరు, ఎక్కడికని చెప్పి రావాలి? వాళ్ళు మధ్యాహ్నాలు ఫోను చేస్తారు, అదీ ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు. వాళ్ళ మాట ఎవరో ఒకరు రాసుకొచ్చి చదువుతారు. మా ఏడు సంతకాల్లో అలాంటి స్త్రీది ఒక్కటీ లేదు. వాళ్ళ పెళ్ళిళ్ళ గురించి, ఇంట్లో కట్టడి గురించి మా తీర్మానాలు బలహీనంగా ఉండటానికి కారణం అదే.

ఈ పద్ధతిలో ప్రమాదం లేకపోలేదు. లెక్క తప్పితే జవాబు చెప్పవలసింది సంతకం పెట్టినవాళ్ళు, ఖర్చు చెప్పింది ఇంకెవరో. మా ప్లీడరుగారు దీనికి ఇప్పటికీ ఒప్పుకోరు. "బాధ్యత నాదైతే మాట కూడా నాదేనమ్మా" అంటారు. చట్టం ప్రకారం ఆయన చెప్పేది సబబే. అయినా ఆయన రాజీనామా చేయలేదు. ప్రతి సమావేశంలోనూ తన అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయించి, దాని కిందే సంతకం పెడతారు.

వచ్చే సర్వసభ్య సమావేశంతో నా పదవీకాలం అయిపోతుంది. కోశాధికారికి ఏం రావాలని ఇద్దరు వాకబు చేశారు. కూడికలు, తీసివేతలు, ఆదివారం ఖాళీ, ఎవరేమడిగినా నోరు మెదపకుండా ఉండే ఓపిక అని చెప్పాను. ఒకడు పెళ్ళి కుదిరిందని మళ్ళీ కనిపించలేదు. రెండోవాడు ఓచర్ల ఫైలు ఇంటికి పట్టుకెళ్ళాడు. ఇంకా తిరిగివ్వలేదు, ఫోను చేస్తే "రెండు ఓచర్లకు బిల్లుల్లేవాంటీ" అన్నాడు.