ఒకే తరమా, కాదా?

ఒకదానితో ఒకటి ముడిపడ్డ వివరాలను, అంటే లింక్డ్ డేటాను, ప్రశ్నించే భాష ఏది కొత్తగా చేతికొచ్చినా నేను ముందు అడిగి చూసేది ఒకటే: ఫలానా ఇద్దరూ ఒకే తరం వాళ్ళేనా? వరసలు పట్టించుకునే మన పెద్దవాళ్ళు చిటికెలో తేల్చేస్తారు. సూత్రాలతో నడిచే డేటాలాగ్ అనే భాషలో రెండు సూత్రాలు చాలు. ఎవరికి వారు ఒకే తరం. ఇద్దరిని కన్నవాళ్ళు ఒకే తరమైతే ఆ ఇద్దరూ ఒకే తరం. రెండో సూత్రం తనను తానే పిలుచుకుంటూ ఎన్ని తరాలైనా తిరిగొస్తుంది.

వికీపీడియాకు తోడుగా ఉండే వివరాల నిధి వికీడేటాను అడగడానికి వాడే స్పార్కల్ భాష ఇక్కడే చేతులెత్తేస్తుంది. 2008 నాటి మొదటి ప్రమాణంలోనైతే ఎన్ని తరాలని ముందే చెప్పకుండా ముత్తాతల దాకా పోయే దారే లేదు. 2013లో 1.1 వచ్చాక తండ్రి, తల్లి అన్న సంబంధాలకు ఒక ప్లస్ గుర్తు తగిలిస్తే పూర్వీకులంతా వచ్చేస్తారు. ముచ్చటైన గుర్తే. కానీ ఎన్ని మెట్లెక్కిందో దానికి గుర్తుండదు, అన్నే మెట్లు దిగమంటే దిగలేదు. మేనబావ కోసం వెతికితే మేనమామా, మేనబావ కొడుకూ కూడా వచ్చి కూర్చుంటారు.

అలాగని భాషకు అన్నీ ఇచ్చేయకూడదు. సూత్రాలు కొత్త కొత్త విలువలు పుట్టించుకోవచ్చంటే లెక్క ఎప్పటికీ ఆగకపోవచ్చు. డేటాలాగ్ ఆ వీలు ఇవ్వదు. ఉన్న పేర్లు ఇన్నే, వాటితో పుట్టే వాక్యాలూ ఇన్నే, కాబట్టి ఎంత తిరిగినా ఆగి తీరుతుంది. భాష కట్టేవాళ్ళ పనితనం నాకు ఇలా వద్దనుకున్న వాటిలోనే కనిపిస్తుంది.

అసలు తలనొప్పి 'కాదు' అనడంతో. 'మరణ తేదీ లేని తెలుగు రచయితలు' అని అడిగి, వచ్చినవాళ్ళంతా బతికే ఉన్నారనుకుంటే, ఎప్పుడో పోయినా తేదీ ఎవరూ ఎక్కించని పెద్దాయన కూడా సజీవుడే! రుజువు కానిదాన్ని కాదనుకునే ఈ పద్ధతికి 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త కీత్ క్లార్క్ తర్కంలో పునాది వేశాడు. వివరాలన్నీ ఒకేచోట ఉండే ఖాతా పుస్తకానికి అది సరిగ్గా సరిపోతుంది. వెబ్‌లో అలా కాదు, రేపు ఎవరైనా ఇంకో వాక్యం చేర్చొచ్చు.

'కాదు'తోనే ఇంకో చిక్కుంది. 'క కాకపోతే ఖ, ఖ కాకపోతే క' అని రాస్తే ఏది నిజం? ఒకదాన్ని పూర్తిగా తేల్చాకే దాన్ని కాదనాలన్న నియమం పెట్టి ఇలాంటి సూత్రాలను ముందే తిప్పి పంపొచ్చు. 1991 నాటి వెల్-ఫౌండెడ్ పద్ధతి మాత్రం వాటిని తీసుకుని, రెంటినీ తేలనివిగా వదిలేస్తుంది. నా ఓటు మొదటిదానికే, రాసినవాడికి తప్పు అక్కడికక్కడే తెలుస్తుంది.

పైన చెప్పిన రచయితల జాబితాకు ఈ రెండు పద్ధతులూ సాయం చెయ్యవు. 1900కి ముందు పుట్టినవాళ్ళను తీసెయ్యమని ఇంకో సూత్రం మనమే రాసుకోవాలి.