కోయడం కంటే కష్టమైన పని

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో చికెన్ సెంటర్ కుర్రాళ్లంటే మనకు కత్తీ మొద్దూ మాత్రమే గుర్తొస్తాయి. మే నెల మధ్యాహ్నం వాళ్లు చేసే అసలు పని వేరే ఉంది: అమ్ముడుపోయేదాకా కోడిని బతికించడం. కోసేదానికి ఇంత సేవేమిటని నవ్వుకోవచ్చు.

కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. చెమట గ్రంథులు లేవు. రెక్కలు ఎడంగా పెట్టి, ఎర్రటి తురాయికి, గొంతు కింది తమ్మెలకు రక్తం ఎక్కువగా పంపి వేడి వదులుతుంది. అదీ చాలకపోతే నోరు తెరిచి రొప్పుతుంది. లోపలి తడి ఆవిరై ఒళ్లు చల్లబడుతుంది. అయితే రొప్పే కొద్దీ కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువగా బయటికి పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. ఒక తూకం నిలబెట్టుకోబోయి ఇంకో తూకం పోగొట్టుకుంటుంది పాపం.

అందుకే బోనులో కోళ్లు పలచగా ఉండాలి, తాగడానికి చల్లటి నీళ్లు, ఎండ వైపు తడి గోనెపట్టా ఉండాలి. నీళ్లు గుమ్మరించి గాలాడకుండా మూసేస్తే ముప్పే. గాలిలో తేమ పెరిగితే రొప్పినా ఆవిరి కాదు. ఈ కిటుకు తెలిసినవాడే పనిమంతుడు.

ఎల్బీనగర్ మీదుగా కోళ్ల డీసీఎంలు చీకటిపూట నడవడంలోనూ ఇదే లెక్క. బండి కదిలితేనే గాలి. ఆగితే మధ్య వరసకు ఊపిరాడదు.

ఈ ఎండాకాలం కొట్టుకు వెళ్తే రేటు బోర్డు కంటే ముందు బోను చూడండి. కోళ్లన్నీ నోళ్లు తెరుచుకునుంటే పక్క కొట్టుకు వెళ్లండి.