పాత ఓడకు కొత్త సరంగులు

1934లో తండ్రి రాసిన నాటకాన్ని 1987లో కొడుకు తిరగరాశాడు. తండ్రి రసెల్ క్రౌస్, కొడుకు టిమొతీ క్రౌస్, నాటకం ‘ఎనీథింగ్ గోస్’. బ్రాడ్వే మ్యూజికల్ కామెడీల్లో ఇన్ని మార్పులకు లోనై ఇంతకాలం నిలిచినవి తక్కువ. పాత నాటకాన్ని మళ్లీ రంగస్థలానికి ఎక్కించడంలో ఎందరి పనితనం ఉంటుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

నిజానికి మొదటి ప్రతి ఆ తండ్రిది కూడా కాదు. జీవ్స్ కథలతో మన పాఠకులకూ దగ్గరైన పి.జి. ఉడ్‌హౌస్, గై బోల్టన్‌తో కలిసి రాశాడు. ఓడకు ముప్పు వచ్చిపడటం, అందులోంచి పుట్టే నవ్వులు ఆ కథకు ఆధారం. 1934 సెప్టెంబరులో న్యూజెర్సీ తీరం దగ్గర మారో కాసిల్ అనే ఓడ తగలబడి 130 మందికి పైగా చనిపోయారు. ఇక ఆ నవ్వు చెల్లలేదు. నిర్మాత వింటన్ ఫ్రీడ్లీకి ఆ ప్రతి ముందే నచ్చలేదని అనేవాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, దర్శకుడు హోవార్డ్ లిండ్సే, ప్రచారం పనులు చూసే రసెల్ క్రౌస్ హడావుడిగా తిరగరాశారు. నవంబరు 21న తెర లేచింది, 420 ప్రదర్శనలు ఆడింది. ఆ తొందరలో కుదిరిన జంటే పాతికేళ్ల తర్వాత ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ నాటకానికి సంభాషణలు రాసింది.

కథ పెద్దదేం కాదు. ఇంగ్లండుకు వెళ్లే ఓడలోకి టికెట్ లేకుండా ఒక యువకుడు దూరతాడు. అతను ప్రేమించిన అమ్మాయి వేరొకరితో నిశ్చితార్థమై అదే ఓడలో ఉంటుంది. మతబోధ మాని నైట్‌క్లబ్బులో పాడే రీనో స్వీనీ, పాదిరీ వేషంలో తిరిగే నేరస్థుడు అతనికి తోడు. దీన్ని నిలబెట్టింది కోల్ పోర్టర్ పాటలు. మాటలూ బాణీలూ రెండూ ఆయనవే. ‘యూ ఆర్ ద టాప్’ పాటలో రీనో, ఆ యువకుడు ఒకరినొకరు పొగుడుకుంటూ మోనాలిసా, మిక్కీ మౌస్, మహాత్మా గాంధీ అందరినీ ఒకే వరసలో నిలబెడతారు. ఇక్కడ హాస్యం అంత్యప్రాసలో ఉంది. ప్రాస పడే మాట స్పష్టంగా వినపడకపోతే నవ్వు రాదు. అందుకే ఆర్కెస్ట్రా మాట దగ్గర తగ్గాలి, మాట ముగిశాక లేవాలి.

పాటల వరసా స్థిరంగా లేదు. 1962 పునఃప్రదర్శనలో పోర్టర్ వేరే నాటకాలకు రాసిన ‘ఇట్స్ డి-లవ్లీ’, ‘ఫ్రెండ్‌షిప్’ వంటివి వచ్చి చేరాయి. 1934లో కథానాయకుడి గొంతుకు కుదరక తీసేసిన ‘ఈజీ టు లవ్’ 1987లో తిరిగి చోటు సంపాదించుకుంది. ఆ ఏడు లింకన్ సెంటర్ కోసం టిమొతీ క్రౌస్, జాన్ వైడ్‌మన్ కథను సవరించారు. దర్శకుడు జెర్రీ జాక్స్. ఎక్కడినుంచో తెచ్చిన పాట ఫలానా పాత్ర ఫలానా క్షణంలో పాడక తప్పదనిపించాలి. అందుకు ముందువెనకల మాటలు కొత్తగా రాయాలి. ప్రేక్షకుడికి ఆ అతుకు కనపడితే రచయిత ఓడినట్టే.

2011లో రౌండబౌట్ థియేటర్ కంపెనీ ఈ 1987 ప్రతినే తీసుకుంది. దర్శకత్వం, నృత్యం రెండూ క్యాథ్లీన్ మార్షల్ చేపట్టింది. రెండు బాధ్యతలూ ఒకరివే కావడంతో మాట ఎక్కడ ఆగి అడుగు ఎక్కడ మొదలవాలో నిర్ణయించేదీ ఒకరే. మొదటి అంకం చివర టైటిల్ పాట దీనికి మంచి ఉదాహరణ. చిన్న పాటను పెద్ద ట్యాప్ నృత్యంగా పెంచాలంటే బాణీని లయలు మార్చి మళ్లీ మళ్లీ అల్లాలి. డాన్స్ అరేంజర్ డేవిడ్ చేజ్ పని అదే. ట్యాప్ బూట్ల అడుగున ఉండే లోహపు రేకులు కూడా వాద్యమే కాబట్టి, వాటి చప్పుడుకు సంగీతం ఖాళీలు వదలాలి. రీనోగా సటన్ ఫాస్టర్ అంతసేపు ఆడి, చివర రొప్పు వినపడకుండా పాడాలి. ఆ ఏడాది టోనీ అవార్డుల్లో ఉత్తమ పునఃప్రదర్శన, ఉత్తమ నటి, ఉత్తమ కొరియోగ్రఫీ ఈ బృందానికే దక్కాయి.

అన్నీ సరిదిద్దుకున్నారని కాదు. కథలోని ఇద్దరు చైనీయుల పాత్రలు, వాళ్ల బట్టలు వేసుకుని హీరో బృందం ఆడే వేషం 2011లోనూ మిగిలాయి. ఒక జాతిని నవ్వుకు సరుకుగా వాడుకున్న ఆ భాగం ఇవాళ ఎబ్బెట్టుగా ఉంది. ఓడ ముప్పును 1934లోనే తీసేసిన నాటకం దీన్ని తీసేసినా దాని ప్రాణానికి వచ్చే నష్టం లేదు. ఎందుకంటే దీనికి పవిత్రమైన మూలప్రతి అంటూ ఎన్నడూ లేదు. తొలిరోజు ఆడింది కూడా సవరించిన ప్రతే. పోర్టర్ మాట, బాణీ, రీనో ధాటి ఉన్నంతవరకు మిగతాదంతా మార్చుకునే హక్కు, మార్చాల్సిన బాధ్యత తర్వాతి తరం కళాకారులవే.