మంచం నడిచింది, కథ నడవలేదు

అమెరికన్ చిత్రకారుడు విన్సర్ మెకే గీసిన ‘లిటిల్ నీమో ఇన్ స్లంబర్‌లాండ్’ 1905 అక్టోబరు 15న న్యూయార్క్ హెరాల్డ్ ఆదివారం సంచికలో, పత్రిక పేజీ మొత్తాన్ని ఆక్రమిస్తూ, రంగుల్లో మొదలైంది. నిద్రాలోకపు రాజు మార్ఫియస్ తన కూతురికి ఆటతోడుగా నీమో అనే పిల్లవాణ్ణి పిలిపించడం, వాడు కలలో బయలుదేరి దారిలో ఏదో ఒక చిక్కులో పడటం, చివరి గడిలో వాడికి మెలకువ రావడం వారం వారం జరిగే తంతు. శతాబ్దం దాటినా ఆ బొమ్మల పక్కన నిలవగల కామిక్ పేజీలు తక్కువే అయినప్పటికీ, వాటిని ఒక పుస్తకంగా వరసపెట్టి చదవబోయే పాఠకుడు కాసేపటికే కథను వదిలేసి బొమ్మలు మాత్రమే చూసుకుంటూ పేజీలు తిప్పేస్తాడు.

కామిక్‌లో ఒక్కో క్షణాన్ని చూపే చట్రాన్ని గడి అనీ, రెండు గడుల నడుమ విడిచిన సందును గట్టర్ అనీ అంటారు. ఆ సందులో జరిగినదాన్ని పాఠకుడే ఊహించి పూరించుకుంటాడనీ, కామిక్ కథనానికి ఆ పూరణే ప్రాణమనీ స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’లో వివరించారు. తొలి నెలల్లో మెకే ఆ పనిని పాఠకుడికి వదలలేదు. ప్రతి గడికీ అంకె వేసి కింద వివరణ అచ్చువేయించడం వల్ల, బొమ్మలో గుర్రం పరుగెడుతుంటే కింది వాక్యం కూడా గుర్రం పరుగెడుతోందనే చెబుతుంది. తర్వాత ఆ వివరణలు పోయి బుడగలు, అంటే పాత్రల మాటలు రాసే గుండ్రని ఖాళీలు, మిగిలినా మేలు పెద్దగా జరగలేదు. రాజభవనపు స్తంభాలను దూరం పెరిగేకొద్దీ ఎంతెంత తగ్గించాలో నిక్కచ్చిగా లెక్కగట్టిన చెయ్యే, బుడగల్లో అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నా పట్టించుకోలేదు. బొమ్మంతా పూర్తయ్యాక మిగిలిన చోట మాటల్ని కుక్కారేమో అనిపిస్తుంది. ఆ మాటల్లోనూ అరుపులు, ఆశ్చర్యార్థకాలే ఎక్కువ.

అసలు లోపం మాత్రం మాటల్లో లేదు. ఎంత ఎత్తునుంచి పడినా మెలకువ కాపాడుతుందని తెలిసిన పిల్లవాడికి నిజమైన ఆపద ఉండదు, ఆపద లేనివాడికి ఏదీ ఎంచుకోవలసిన అవసరం రాదు, ఏదీ ఎంచుకోని పాత్ర వందల పేజీలు గడిచినా ఎదగదు. ఆదివారానికి ఒక్క పేజీ చొప్పున చదివిన ఆనాటి కుటుంబాలకు ఇది లోపంగా తోచి ఉండకపోవచ్చు. ఆకుపచ్చ ముఖంతో, నోట్లో చుట్టతో తిరిగే ఫ్లిప్ అడుగుపెట్టాకే కథకు కాస్త కారం తగిలింది, ఎందుకంటే ఏదైనా కావాలని పట్టుబట్టేది, దానికోసం పని చెడగొట్టేది వాడొక్కడే.

అయితే 1908 జులై 26 నాటి పేజీ ఈ విమర్శకు లొంగదు. నీమో, ఫ్లిప్ కూర్చున్న మంచానికి కోళ్లు పొడవుగా పెరిగి, అది ఇల్లు దాటి నగరపు కప్పుల మీదుగా నడిచిపోతుంది. కోళ్లు సాగేకొద్దీ గడులూ నిలువుగా సాగుతాయి కాబట్టి, పేజీ అమరికే అక్కడ కథ చెబుతుంది. బుడగల్ని వేలితో మూసి చూసినా ఏమీ తగ్గదు. చర్చి శిఖరానికి కాలు తట్టుకుని మంచం తూలిపడినప్పుడు, మెలకువ రాబోతోందని తెలిసి కూడా పాఠకుడు ఒక్క క్షణం ఊపిరి బిగబడతాడు.